పంతొమ్మిది సెకన్ల సాక్ష్యం

చింతగుంటపాలెం కాలనీలో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు రెబ్కా గుమ్మం తొక్కేవాళ్ళు. వినుకొండ బస్సు కాలనీ దగ్గర ఆపకుండా పోతోందా, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందా, బళ్ళో పిల్లాణ్ణి అకారణంగా కొట్టారా, రెబ్కా కొంగు బిగించి బయల్దేరేది. "నోరున్న మనిషి" అనేవాళ్ళు ఆమెని. మన ఊళ్ళల్లో ఆడమనిషిని ఆ మాట అన్నారంటే సగం తిట్టినట్టే. రెబ్కా విషయంలో మాత్రం అది నూటికి నూరుపాళ్ళూ మెచ్చుకోలు. ఆ నోరే ఆమె కొంప ముంచుతుందని అప్పుడెవరూ అనుకోలేదు.

పుట్టింది పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల మధ్య. తండ్రి బట్టీలో పనిచేసేవాడు, నలభై ఏళ్ళు నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. పదిహేడో ఏట యేసుపాదాన్ని చేసుకుని చింతగుంటపాలెం వచ్చింది. యేసుపాదం పత్తి చేలల్లో గుంటక తోలే మనిషి. మాట తక్కువ. ఇంట్లో మాట్లాడే పనంతా పెళ్ళానికి వదిలేసి, వినే పని తాను పెట్టుకున్నాడు. రెబ్కా శీతాకాలంలో పత్తి తీసేది, మిగతా రోజుల్లో కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసేది. తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఆ చేత్తో పసిపిల్ల మొహం ముట్టుకుంటే ఇక ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని కూతురు ఆరాధనకి నీళ్ళు పోయడం, మొహం తుడవడం, తల దువ్వడం అన్నీ యేసుపాదమే చేశాడు. కాలనీ మగాళ్ళు నవ్వితే నవ్వనిచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్కులో రోగుల పేర్లు రాసుకునే ఉద్యోగం చేస్తోంది.

షెడ్డులో రెబ్కా పక్కన ఇరవై రెండేళ్ళుగా కూర్చునేది జానీబీ. కాలనీ చివర నాలుగు నూర్‌బాషా సాయిబుల ఇళ్ళున్నాయి, అందులో మొదటిది ఆమెది. రెబ్కా కంటే నాలుగేళ్ళు పెద్ద. రెబ్కాకి ఎంత నోరుందో జానీబీకి అంత మొహమాటం. ఇద్దరూ ఒకే కుప్ప ముందు కూర్చునేవాళ్ళు, ఒకే ఘాటుకి తుమ్మేవాళ్ళు, ఒకరి క్యారేజీలోది ఒకరు తినేవాళ్ళు. జానీబీ కొడుకు షానవాజ్ ఆటో తోలేవాడు. తెల్లారి ఆడవాళ్ళందర్నీ షెడ్డుకి చేర్చేదీ సాయంత్రం ఇళ్ళకి దింపేదీ అతనే. ఇరవై నాలుగేళ్ళవాడు. పెళ్ళిచూపులు మొదలయ్యాయి.

రెబ్కా నోటికి అసలైన గౌరవం మందిరంలో దక్కేది. సాక్ష్యం చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు చుట్టుపక్కల ఏడెనిమిది సంఘాల్లో లేరు. సాక్ష్యమంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి, తమ బతుకులో జరిగిన కష్టం, దాంట్లోంచి దేవుడు నడిపించిన తీరూ నలుగురి ముందు చెప్పుకోవడం. దానికో వరస ఉంది. రెబ్కా దాన్ని తల్లి దగ్గర నేర్చుకుంది. ముందు స్తోత్రం చెప్పాలి, మేలు చేసినవాళ్ళందరికీ పేరు పేరునా వందనాలు చెప్పాలి. తర్వాత పక్కవాళ్ళ భారం చెప్పాలి. సొంత గోడు ఆఖరికి. లేచీ లేవగానే తన ఏడుపు మొదలుపెట్టే మనిషిని సంఘం చిన్నచూపు చూస్తుంది. రెబ్కా ముప్ఫై ఏళ్ళుగా ఆ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. జనం కూడా ఆఖరి దాకా కదలకుండా కూర్చునేవాళ్ళు, అసలు సంగతి చివర్లో వస్తుందని వాళ్ళకి తెలుసు కాబట్టి.

ఆ ఏడు వానలు మొదలైన పదిహేను రోజులకి కాలనీ కుళాయి నీళ్ళు రంగు మారాయి. మంచినీళ్ళ పైపు మురిక్కాలవలోంచే వేశారు మహానుభావులు. అతుకు దగ్గర అది పగిలింది. కాలనీవాళ్ళు పంచాయతీ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళి చెప్పారు. వానలకి నీళ్ళు అలాగే ఉంటాయన్నారు. ఒక శనివారం వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆదివారానికి ఇంటికొకరు మంచం పట్టారు. మందిరంలో బల్లలు పక్కకి జరిపి చాపలు పరిచారు, కిటికీ ఊచలకి సెలైన్ సీసాలు కట్టారు. నాలుగు రోజుల్లో ఐదుగురు పోయారు. ఆరేళ్ళ శ్రీరమ్య, ఏసుబాబు తల్లి, యలమంద తండ్రి, షానవాజ్. ఐదోవాడు యేసుపాదం.

రెబ్కా మొగుణ్ణి పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడే పైనుంచి ప్రకటన వచ్చింది. చింతగుంటపాలెంలో అతిసారంతో ఎవరూ చనిపోలేదట. నీళ్ళు పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నాయట. పోయినవాళ్ళకి ముందు నుంచే వేరే జబ్బులున్నాయట. ఆరేళ్ళ పిల్లకి రక్తహీనత, ముసలివాళ్ళిద్దరికీ వయసు, షానవాజ్‌కి గుండె జబ్బు. యేసుపాదానికి తాగుడు. పదకొండేళ్ళ కిందట బాప్తిస్మం పుచ్చుకున్న రోజు సీసా పారేసిన మనిషి యేసుపాదం, మళ్ళీ దాని మొహం చూడలేదు. చచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనలేడు కదా, ఏమైనా రాసుకోవచ్చు.

కాలనీ వాళ్ళ బాధ అంతటితో అయిపోలేదు. నీళ్ళు మంచివేనని కాగితం మీద ఉన్నంతకాలం పైపు మార్చరు. పైపు మార్చకపోతే, ఇప్పుడు సర్కారు పంపుతున్న నీళ్ళ ట్యాంకర్లు ఆగిపోయిన మర్నాటి నుంచి మళ్ళీ అదే కుళాయి. అందుకే నీళ్ళవల్లే ఐదుగురు పోయారన్న మాట నలుగురికీ తెలియాలి, ఎలాగైనా తెలియాలి. టీవీవాళ్ళు వస్తున్నారని తెలిసినప్పుడు అందరూ రెబ్కా వైపే చూశారు.

జానీబీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వే చెప్పాలే రెబ్కా. నాకు ఏడుపు తప్ప మాట రాదు. మా షానూకి గుండె జబ్బంట. వాడు మిరపకాయ బస్తా ఒంటి చేత్తో ఎత్తేవాడు, నీకు తెలవదా? నీళ్ళవల్లే పోయాడని చెప్పవే."

"చెప్తా అక్కా. అందరి సంగతీ చెప్తా. నువ్వు ఊరుకో," అంది రెబ్కా.

వచ్చింది శ్యామ్ సుందర్ అనే అతను. మండల కేంద్రంలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే కొట్టు అతనిది. దానితోపాటు ఒక చానెల్‌కి వార్తలు పంపుతాడు. ఆ చానెల్ పేరు ఎందుకు లెండి. మన దగ్గర చానెల్ పేరు చెప్పామంటే పార్టీ పేరు చెప్పినట్టే. ఒకటి ఏలినవారు తుమ్మినా ఆహా అంటుంది, ఇంకొకటి వాళ్ళు అన్నం తిన్నా అన్యాయం అంటుంది. ఐదేళ్ళకోసారి కుర్చీ మారితే భజన చేసే గొంతులూ మారతాయి. శ్యామ్ సుందర్ పంపే చానెల్ అప్పటికి ఆహా అనే వరసలో ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. కర్రకి ఫోన్ తగిలించి, చానెల్ గుర్తున్న మైకు రెబ్కా చేతికిచ్చి, "చెప్పమ్మా, ఏం జరిగిందో మొత్తం చెప్పు," అన్నాడు.

ఎదురుగా కాలనీ అంతా నిలబడి ఉంది. వెనక మందిరం గోడ. చేతిలో మైకు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? రెబ్కా కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది.

"అందరికీ వందనాలండి. ముందు దేవుడికి స్తోత్రం. మాకోసం ఇంతదూరం వచ్చిన డాక్టరమ్మగారికి, నిద్రాహారాలు మానుకుని సెలైన్లు పెట్టిన నర్సమ్మలకి, ట్యాంకర్లతో నీళ్ళు పంపించిన గవర్నమెంటువారికి, కలెక్టరుగారికి మా కాలనీ తరఫున చేతులెత్తి వందనాలు చెప్పుకుంటున్నానండి. వాళ్ళు చేసిన మేలు మేం మర్చిపోలేమండి." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "అయితే అయ్యా, ఆ ట్యాంకర్లు నాలుగు రోజుల ముందొచ్చుంటే ఐదుగురు బతికుండేవాళ్ళు."

అక్కడి నుంచి ఇక ఆగలేదు. పైపు సంగతి చెప్పింది. ఎవరెవరు ఎన్నిసార్లు వెళ్ళి మొత్తుకున్నారో చెప్పింది. శ్రీరమ్య బడి సంచీ ఇంకా మేకుకే వేలాడుతోందని చెప్పింది. ఏసుబాబు తల్లి గురించి, యలమంద తండ్రి గురించి చెప్పింది. షానవాజ్ గురించి అందరికంటే ఎక్కువసేపు చెప్పింది, జానీబీ ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి. వాడి ఆటోలో ఆడవాళ్ళు ఎక్కితే పాటల సౌండు తగ్గించేవాడని కూడా చెప్పింది. వింటున్నవాళ్ళల్లో ఏడవని మనిషి లేడు. శ్యామ్ సుందర్ కూడా ఒకసారి భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంక మా ఆయన..." అంది రెబ్కా.

సరిగ్గా అప్పుడు శ్యామ్ సుందర్ రెండో ఫోన్ మోగింది. ఐటమ్ ఇంకా రాలేదేమని హైదరాబాదు నుంచి డెస్కువాళ్ళు. "చాలమ్మా, బాగా వచ్చింది," అని అతను మైకు తీసుకున్నాడు. రెబ్కా కూడా అడ్డు చెప్పలేదు. చెప్పాల్సినవన్నీ చెప్పాను కదా, మా ఆయన మాట తర్వాతైనా చెప్పుకోవచ్చు అనుకుంది. అందరూ ఆమె భుజం తట్టారు.

ఆ సాయంత్రం లాల్ అహ్మద్ టీ కొట్టు ముందు కాలనీ కాలనీ కూర్చుంది. ఆ కొట్లో రోజూ రిమోట్ కోసం తగువే, ఈ చానెల్ పెట్టమని సగం మంది, ఆ చానెల్ పెట్టమని సగం మంది. ఆ రోజు మాత్రం అందరికీ ఒకటే చానెల్ కావాలి. ఏడు గంటల వార్తల్లో రెబ్కా మొహం తెర నిండా కనబడింది. పిల్లలు కేకలేశారు. "అందరికీ వందనాలండి" దగ్గర మొదలైంది, "మేం మర్చిపోలేమండి" దగ్గర అయిపోయింది. కింద ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి: సర్కారు సాయంపై బాధితుల హర్షం. మొత్తం పంతొమ్మిది సెకన్లు. ఆ తర్వాత ఎక్కడో ఏదో ప్రారంభోత్సవం చూపించారు.

ఇంకా ఉందేమో అని అందరూ వాతావరణ వార్తల దాకా కూర్చున్నారు. ఇంకేం లేదు. ముందుగా జానీబీ లేచింది. రెబ్కా వైపు చూడలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

"అక్కా, నేను చెప్పాను కదే. నువ్వు అక్కడే ఉన్నావు కదే," అని రెబ్కా వెనకాలే పరిగెత్తింది.

"చెప్పావు. అందరికీ దణ్ణాలు కూడా పెట్టావు. మేలు మర్చిపోలేవంట కదా," అంది జానీబీ తిరగకుండానే. "నా కొడుకు మట్టిలోకి పోయి వారం కాలేదు. నువ్వు ఆ మాట అనకపోతే వాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చి వేస్తారు?"

మాటలు రెబ్కావే. గొంతు రెబ్కాదే. ఎవరో కల్పించి వేసిందైతే కాదు అనొచ్చు. మనం అన్న మాటనే మనకి అడ్డం తిప్పితే ఎవరికి మొరపెట్టుకోవాలి? నిజంలో ముక్క కోసి చూపించేవాడు అబద్ధం ఆడేవాడికంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. వాణ్ణి కోర్టు కూడా ఏమీ చెయ్యలేదు.

మర్నాడు ఆరాధన ఫోన్ చేసింది. "అమ్మా, క్లినిక్కులో అందరూ ఆ వీడియోనే చూస్తున్నారే. నాన్న పోయిన వారానికి గవర్నమెంటుకి థాంక్స్ చెప్పావేంటే?" అని ఒకటే ఏడుపు. తల్లి మొత్తం చెప్పాక నమ్మింది. కూతురు కాబట్టి నమ్మింది.

ఇక రెండో చానెల్ ఊరుకుంటుందా? ఆ రోజే అందుకుంది. రెబ్కా బొమ్మ చుట్టూ ఎర్ర గీత గీసి "పెయిడ్ ఆర్టిస్ట్" అని రాసింది. బాధితురాలికి కొత్త చీర ఎక్కడిదని అడిగింది. ఈస్టర్‌కి కూతురు కొనిచ్చిన చీర అది, టీవీవాళ్ళ ముందు చిరుగుల చీరతో నిలబడితే కాలనీకి చిన్నతనమని కట్టుకుంది. సాయంత్రం చర్చ పెట్టారు. నాలుగు గళ్ళల్లో నలుగురు పెద్దమనుషులు. ఒకాయన, ఆ తల్లి కళ్ళల్లో సంతోషం చూడండి అంటాడు. ఇంకొకాయన, ఆవిడ అసలు ఆ ఊరి మనిషే కాదు, విజయవాడ నుంచి తెచ్చారు అంటాడు. మీడియా అమ్ముడుపోయిందని ఒకాయన, మీ మీడియా సంగతేంటని ఇంకొకాయన ఒంటికాలి మీద లేచారు. గంటసేపు అరుచుకున్నారు. ఆవిడ మొగుడు అదే నీళ్ళకి చచ్చిపోయాడన్న మాట నలుగురిలో ఒక్కడి నోటి నుంచీ రాలేదు. వాళ్ళకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా వాళ్ళకి లేదు.

మొత్తం చెవులారా విన్న కాలనీలోనే, వందనాలు మాత్రం వేసేలా రెబ్కా ముందే మాట్లాడుకుందని తలా ఒక మాట పుట్టింది. రెబ్కాకి ఇల్లు ఇస్తామన్నారట. ఆరాధనకి సర్కారు ఉద్యోగమట. ఏసుబాబు ఒకరోజు ట్యాంకరు దగ్గర మొహం మీదే అడిగాడు. "ఏం రెబ్కత్తా, మా అమ్మ చావుకి నీకేం ముట్టిందేంటి?" రెబ్కాని అలా అడిగినవాణ్ణి అంతకుముందు చీపురు తిరగేసి తరిమేది. ఆ రోజు బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చి కూర్చుంది.

రెండు రోజులు చూసి శ్యామ్ సుందర్ కొట్టుకి వెళ్ళింది. అతను ఆమెని చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"బాబూ, మిగతాది ఎప్పుడేస్తారు?" అని అడిగింది.

"మిగతాది వెయ్యరమ్మా." అతను తల దించుకున్నాడు. "నేను మొత్తం పంపాను. ఒట్టు. తొమ్మిది నిమిషాలూ పంపాను. ఏది వెయ్యాలో డెస్కువాళ్ళ ఇష్టం. వాళ్ళక్కూడా పైన ఒకళ్ళుంటారు. సర్కారు ప్రకటనలు ఆగిపోతే చానెల్ మూతపడుద్దమ్మా."

"పోనీ ఆ తొమ్మిది నిమిషాలూ నాకివ్వు బాబూ. మా జానీ అక్కకి చూపించుకుంటా. ఇంకెవరికీ చూపించను."

"ఇస్తే నా పని పోద్దమ్మా. రేపు నా కొట్టుకి ఒక్క ఫ్లెక్సీ కూడా రాదు. పిల్లలున్నారు." అతని మొహం చూస్తే ఆమెకే జాలేసింది. తిట్టాలని వెళ్ళిన మనిషి మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చింది.

షెడ్డులో జానీబీ చోటు మార్చుకుంది. గోడవారన ఇంకో కుప్ప దగ్గర, వీపు ఇటు పెట్టి కూర్చునేది. రెబ్కా కుప్ప దగ్గరికి ఇంకెవరూ రాలేదు. మనిషంత ఎత్తు మిరపకాయల కుప్ప ముందు ఒక్కతే కూర్చుని తొడిమలు తీసేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ముద్ద దిగేది కాదు. మొగుడు పోయిన దుఃఖం ఒకటైతే, ఆ దుఃఖం చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ఇంకొకటి. అది దానికంటే మోయలేని బరువు.

నెల తిరక్కుండా విచారణకని ఒక అధికారి వచ్చాడు. అందర్నీ మందిరం ముందు కూర్చోబెట్టాడు. నీళ్ళ మాట ఎత్తగానే జేబులోంచి ఫోన్ తీసి ఆ పంతొమ్మిది సెకన్లూ వినిపించాడు. "మీ కాలనీ మనిషే కదమ్మా ఇది? మీరే బాగుందంటున్నారు, మళ్ళీ మీరే బాగలేదంటున్నారు. ఏది రాసుకోమంటారు?" అన్నాడు. రెబ్కా లేచి నిలబడింది.

"అయ్యా, ఆ తర్వాత ఇంకా చెప్పానండి," అంది. ఇటూ అటూ చూసింది. ఓ పక్కన శ్యామ్ సుందర్ విచారణ వార్త కోసం ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "బాబూ, నీకు తెలుసు కదా. ఆ తర్వాత ఏం చెప్పానో నువ్వైనా ఒక్క మాట చెప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. శ్యామ్ సుందర్ ఫోన్ కిందికి దించి అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు. జానీబీ కూడా లేచి వెళ్ళిపోయింది. అధికారి చేతులు దులుపుకుని కారెక్కాడు. ట్యాంకర్లు ఆ వారమే ఆగిపోయాయి.

ఆ మనిషిని ఏం తొలిచిందో తెలియదు. పది రోజులకి ఆరాధన ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. కింద ఒక్క ముక్క రాసి ఉంది: నా పేరు రానివ్వొద్దు. తొమ్మిది నిమిషాలు. ఆరాధన దాన్ని చూసి, క్లినిక్కుకి సెలవు పెట్టి, బస్సెక్కి కాలనీకొచ్చింది. ముందుగా జానీబీ ఇంటికే వెళ్ళి ఆమె చేతిలో పెట్టింది.

జానీబీ అంతా వినలేకపోయింది. కొడుకు పేరు వచ్చేదాకా విని, పాటల సౌండు తగ్గించేవాడన్న మాట దగ్గర ఫోన్ గుండెకి హత్తుకుని కూలబడిపోయింది. మర్నాడు షెడ్డులో గోడవార నుంచి తన గోనెపట్టా లాక్కొచ్చి రెబ్కా పక్కన పరుచుకుంది. మధ్యాహ్నం రెబ్కా క్యారేజీలోంచి జానీబీ ఒక ముద్ద తీసుకుంది.

ఆ వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి పాకి ఊళ్ళు దాటింది. పెయిడ్ ఆర్టిస్టన్న చానెలే దాన్ని అందుకుంది, ఈసారి వందనాలు కోసేసి కన్నీళ్ళు మాత్రం వేసింది. చింతగుంటపాలెం ఆడపడుచు ఆవేదన అని పేరు పెట్టింది. క్షమించమని అనలేదు, అసలు మొన్న ఆమెని ఏమన్నారో వాళ్ళకి గుర్తున్నట్టు కూడా లేదు. ఏమైతేనేం, పైనుంచి కదలిక వచ్చింది. మళ్ళీ విచారణ వేశారు. కొత్త పైపు మంజూరైంది. ఏసుబాబు వచ్చి, "అత్తా, తప్పయిపోయింది," అని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

అతిసారంతో చనిపోయినవారి జాబితా గ్రామ సచివాలయం గోడకి అంటించారు. కాలనీ అంతా వెళ్ళింది. ఆరాధన పైకి చదివింది. శ్రీరమ్య. ఏసుబాబు తల్లి. యలమంద తండ్రి. షానవాజ్. చదివి ఆగింది. కాగితం కింద ఇంకేముందా అని వేలు పెట్టి చూసింది. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది.

"మా నాన్న పేరేదండీ?" అని అక్కడి ఉద్యోగిని అడిగింది.

అతను ఫైలు తిరగేశాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. "వీడియోలో ఎవరెవరి పేర్లున్నాయో వాళ్ళ కేసులు మాత్రమే మళ్ళీ చూడమన్నారమ్మా. మిగతావి పాత రికార్డు ప్రకారమే. మీ నాన్నగారి పేరు వీడియోలో లేదు."

"చెప్పబోతుంటే ఆపేశారండి! ఆఖర్న ఉంది చూడండి, 'ఇంక మా ఆయన' అంటోంది కదా!" అని ఆరాధన ఫోన్ తీసి వినిపించింది.

"అంటోందమ్మా. కానీ ఏం జరిగిందో చెప్పలేదు కదా."

పాత రికార్డులో యేసుపాదం తాగి చచ్చిపోయిన మనిషి. అతని పెళ్ళాం నలుగురి కోసం గొంతు చించుకుంది, ఆ నలుగురూ కాగితం ఎక్కారు. ఆమె వరస తప్పని మనిషి, అందుకే ఆమె మొగుడు కాగితం కిందే ఉండిపోయాడు. కాలనీలో ఎవరికీ ఎవరి మొహం చూడబుద్ధి కాలేదు. నోరున్న మనిషి మాత్రం ఒక్క మాట అనలేదు. కూతురు చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. అర్జీ పెడదామని ఆరాధన అంది, పాస్టరుగారూ అన్నారు. పెట్టారు. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు.

జాబితా చూసొచ్చిన రెండు రోజులకి రెబ్కా మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. జానీబీ తొడిమలు తీస్తూ తీస్తూ తలెత్తింది.

"నా కొడుకు గురించి అంతసేపు ఎందుకు చెప్పావే? రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యకపోయావా? మీ ఆయన మాట చెప్పుకునేదానివి కదే."

"నువ్వు ఎదురుగా ఉన్నావు అక్కా," అంది రెబ్కా.

జానీబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిరప ఘాటుకి అవి ఇంకా మండాయి. "ఆ రోజు ఆపకపోయుంటే ఏం చెప్పేదానివే? ఇప్పుడు చెప్పు. నేను వింటా."

చుట్టుపక్కల కుప్పల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఏడెనిమిది సంఘాల్లో సాటిలేని గొంతు అది. ఇప్పుడు పక్కనున్న జానీబీకి వినబడేంత మాత్రమే లేచింది.

"ఏముందక్కా చెప్పడానికి. పొద్దుటి నుంచీ దాహం దాహం అన్నాడు. బిందె ఖాళీ అయ్యేదాకా నేనే తాగించాను, ఆ కుళాయి నీళ్ళే. నా చేత్తో ఇస్తున్నానని ఒక్క గుక్క కూడా వద్దనలేదు."